మెదకు మహాదేవాలయము నేర్పు పాఠము

చదువవలసిన వాక్యభాగములు: హగ్గయి 1:1–11, ఎఫెసీయులకు 2:19–22, యోహాను 17:20–23.



మన పల్లెలనుండి చదువుకొరకును పనికొరకును హైదరాబాదు చేరిన యౌవనస్థులు చాలమంది అమీర్‌పేటలోను ఎస్.ఆర్. నగర్‌లోను హాస్టళ్లలో నివసించుచున్నారు. అక్కడ వీధివీధికి ఒక్కొక్క పేరుగల సంఘము వారికి కనబడును. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు వారు పెద్దలను అడుగు ప్రశ్న ఒకటి కలదు: "అయ్యగారూ, ఇంతకు మనము ఏ మిషనువారము? తాతగారు వెస్లీ మిషను అనెను. నాన్నగారు సి.ఎస్.ఐ. అనుచున్నారు. అక్కడ మెథడిస్టు గుడి వేరుగా ఉన్నది. మనమెవరము?"

ఇది చిన్న ప్రశ్న కాదు. తాను ఏ యింటివాడో తెలియనివాడు ఏ గుమ్మములోనైనను దూరును, ఏ గుమ్మములోనుండియైనను బయటికి నెట్టబడును. కనుక ఈ నెల పాఠములో ఒక కట్టడమును చూచుచు ఈ ప్రశ్నకు జవాబు వెదకుదము. ఆ కట్టడము మెదకు మహాదేవాలయము. ఎస్.ఆర్. నగర్‌నుండి బాలానగర్, నర్సాపూర్ దారిని పోయినయెడల అది సుమారు నూరు కిలోమీటర్ల దూరములో నున్నది. మెథడిస్టులు దానిని కట్టిరి. అయినను నేడది మెథడిస్టు మందిరము కాదు. ఇది ఎట్లు జరిగెనో తెలిసికొన్నచో మన బిడ్డల ప్రశ్నకు జవాబు దొరకును.

1. వెస్లీగారి సాదా మందిరములు

ఇంగ్లాండు దేశములో రాజ్యముచే స్థాపింపబడిన ఆంగ్లికన్ సంఘపు ఆలయమును చర్చి అని పిలుచుచుండిరి. ఆ సంఘమునకు వెలుపల కూడుకొను బీదసాదల ప్రార్థనాగృహమును చాపెలు అనుచుండిరి. జాన్ వెస్లీగారు (1703–1791) ఆంగ్లికన్ గురువుగానే జీవించి గురువుగానే మరణించిరి. వేరు సంఘమును స్థాపింపవలెనని వారు బయలుదేరలేదు. గనిలో పనిచేయు కూలీలు, నేతపనివారు వాక్యము వినుటకు ఒక చోటు కావలసివచ్చెను, అంతే. 1739లో బ్రిస్టలు పట్టణమున వారు కట్టించిన మొదటి ఇంటికి "క్రొత్త గది" అనియే పేరు. ఆ తరువాత 1778లో లండను నగరమున సిటీ రోడ్డులో పెద్ద మందిరము కట్టబడెను.

ఆ మందిరములలో ముఖ్యమైనది ప్రసంగము. అందరికిని మాట వినబడవలెను, అందరికిని బోధకుడు కనబడవలెను. అందుచేత ఎనిమిది మూలలుగా కట్టిన మందిరములు వెస్లీగారికి నచ్చినవి. ఇంగ్లాండులోని హెప్టన్‌స్టాల్ అను కొండ గ్రామములో 1764లో కట్టబడిన అట్టి మందిరము ఒకటి నేటికిని నిలిచియున్నది.

మందిరములనుగూర్చి వెస్లీగారు ఒక నియమము పెట్టిరి. అది మన గ్రామ సంఘములన్నియు గోడమీద వ్రాసికొనదగినది. దాని సారాంశమేమనగా: మందిరము సాదాగాను మర్యాదగాను ఉండవలెను. తప్పనిసరియైన ఖర్చుకంటె ఎక్కువ పెట్టరాదు. ఎక్కువ పెట్టినచో ధనవంతుల అవసరము కలుగును. ధనవంతుల అవసరము కలిగినచో వారికి లోబడవలెను. తుదకు వారే సంఘమును ఏలుదురు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడి, మరల దీనియొద్దకు వచ్చెదము.

2. పోస్నెట్టుగారు మెదకునకు వచ్చుట

వెస్లియన్ మెథడిస్టు మిషనువారు నైజాము రాజ్యములో సికింద్రాబాదు కేంద్రముగా పని ఆరంభించిరి. విలియం బర్జెస్‌గారు ఆ తొలి దినములలో ముఖ్యులు. చార్లెస్ వాకర్ పోస్నెట్టుగారు 1895లో సికింద్రాబాదునకు వచ్చి, మొదట తిరుమలగిరిలోని తెల్ల సిపాయిలమధ్య పరిచర్య చేసిరి. తరువాత పల్లె ప్రజల భారము వారి హృదయములో పడగా మెదకు చేరిరి. ఆ కాలములో సికింద్రాబాదునుండి మెదకునకు గుఱ్ఱముమీద రెండు దినముల ప్రయాణము.

మెదకు సీమలో సువార్తను మొదట అంగీకరించినవారు ఊరికి వెలుపల నుంచబడినవారు, అనగా మాల మాదిగ కుటుంబములవారు. ఇతరుల గుడి మెట్టు ఎక్కనియ్యబడనివారు, బావిలో చేద వేయనియ్యబడనివారు. ఈ సంగతి మరచినచో ఆ గోపురము ఎవరికొరకు అంత ఎత్తుగా లేచినదో మనకు అర్థము కాదు.

మెదకులో పోస్నెట్టుగారు మిషను బంగళా కట్టించిరి. అది రెండంతస్తుల మేడ. ఆరాధన జరుగు మందిరమో చిన్నది. బోధకుని ఇల్లు దేవుని ఇంటికంటె ఎత్తుగా ఉండరాదని తలంచి వారు ఆలయము కట్టుటకు పూనుకొనిరని మెదకు సంఘస్థులు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. హగ్గయి ప్రవక్త తన కాలపువారిని అడిగిన ప్రశ్నయు ఇదియే: మీరు పలకలు వేసిన ఇండ్లలో కూర్చుండగా ప్రభువు మందిరము పాడుగా ఉండదగునా? దేవదారు ఇంటిలో కూర్చుండిన దావీదు హృదయమును పొడిచిన ప్రశ్నయు ఇదియే (2 సమూయేలు 7:2).

3. పనియు మెతుకును

కట్టడము 1914లో ఆరంభమాయెను. ఆ సంవత్సరమే మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమాయెను. కట్టడము సాగిన పది సంవత్సరములలో యుద్ధమును కరవును రెండును ప్రజలను బాధించెను. మెదకును మెతుకుసీమ అని పిలుచుట మనకందరికి తెలిసినదే. ఆ మెతుకుసీమలోనే మెతుకు దొరకని దినములు వచ్చినవి. అప్పుడు పోస్నెట్టుగారు ఊరక దానము పంచుటకు బదులుగా పని చూపించిరనియు, ఆకలిగొన్న వేలమంది ఆలయపు పనిలో కూలి సంపాదించుకొని కుటుంబములను కాపాడుకొనిరనియు పెద్దలు చెప్పుదురు.

ఇందులో లోతైన భావము కలదు. చేయి చాచి దానము పుచ్చుకొనువాడు తల వంచుకొని ఇంటికి పోవును. చెమటోడ్చి కూలి తీసికొనువాడు తల యెత్తుకొని పోవును. రాళ్లు మోసిన తల్లి తన మనుమనికి ఆ గోడను చూపి, ఈ రాయి నా తలమీదనుండి ఎక్కినది అని చెప్పగలదు. పేతురు పత్రికలో సజీవమైన రాళ్లను గూర్చిన మాట (1 పేతురు 2:5) అట్టి స్త్రీకి వేరుగా వివరింప నక్కరలేదు.

4. కట్టడపు తీరు

నమూనా గీసినవారు ఇంగ్లాండులోని బోల్టన్ పట్టణపు బ్రాడ్‌షా, గాస్ అండ్ హోప్ అను శిల్పుల సంస్థవారు. మెథడిస్టు మందిరములు కట్టుటలో వారు పేరుపొందినవారు. ఆలయము 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. గంటగోపురము 175 అడుగుల ఎత్తు. లోపల సుమారు ఐదువేలమంది కూర్చుండవచ్చును. గోడలు, స్తంభములు చక్కగా చెక్కిన బూడిదవన్నె రాతితో కట్టబడినవి. నేలమీది రంగురంగుల పలకలు బ్రిటను దేశమునుండి తెప్పింపబడినవి. వాటిని పరచుటకు ఇటలీ దేశపు పనివారు వచ్చిరి. పైకప్పు కట్టుటలో గుల్లగానుండు పదార్థమును వాడి, మాట ప్రతిధ్వనించి చెదరిపోకుండ జాగ్రత్త తీసికొనిరని చెప్పుదురు. చూడుడి, వెస్లీగారి ఎనిమిది మూలల మందిరమునకును ఈ మహాలయమునకును రూపములో పోలిక లేదు గాని, వాక్యము అందరికి వినబడవలెనను కోరిక మాత్రము రెండింటిలోను ఒక్కటే.

సాదా మందిరములు కట్టిన మెథడిస్టులు ఇట్టి సూది మొనలవంటి శిఖరములు గల గాథిక్ పద్ధతికి ఎట్లు వచ్చిరి? 19వ శతాబ్దములో వారి ఆలోచన మారెను. ఎఫ్. జె. జాబ్సన్ అను మెథడిస్టు బోధకుడు 1850లో మందిర నిర్మాణమును గూర్చి పుస్తకము ప్రచురించి, ఆరాధనాలయము చూడగానే ఆరాధనాలయమని తెలియవలెననియు, అందుకు గాథిక్ పద్ధతి తగినదనియు వాదించెను. ఆ ప్రవాహమే మెదకు వరకు వచ్చినది.

గాథిక్ పద్ధతిలో ముఖ్యమైనది మొనదేలిన కమాను. ఎడ్లబండి కాడి రెండు ఎడ్ల మెడలమీద భారమును పంచునట్లు కమాను పై బరువును రెండు ప్రక్కలకు పంచి స్తంభములమీదికి దించును. గుండ్రని కమాను గోడలను ప్రక్కకు ఎక్కువగా త్రోయును. మొనదేలిన కమాను బరువును ఎక్కువగా నేలవైపునకు దించును. అందుచేత స్తంభములు ఎత్తుగా లేపుటకును, కిటికీలు పెద్దవిగా పెట్టుటకును వీలగును.

రాతి కమానును కట్టు విధము మేస్త్రీలకు తెలియును. మొదట క్రింద చెక్కచట్రము నిలిపెదరు. దానిమీద ఇరుప్రక్కలనుండి రాళ్లు పేర్చుచు వచ్చి, నడినెత్తిన చివరి రాయిని బిగించెదరు. అంతవరకు బరువంతయు చట్రముమీదనే ఉండును. రాళ్లు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనిన తరువాత చట్రమును తీసివేసెదరు. ముందుగా తీసినచో కమాను కూలును. ఎన్నటికిని తీయకున్నచో దారి మూసికొని పోవును, ఎవరును దానిగుండ నడువలేరు.

ఈ చట్రపు సంగతి మన పాఠమునకు మూలము.

5. మూడు కిటికీలు

1924 డిసెంబరు 25న క్రిస్మసు దినమున ఆలయము ప్రతిష్ఠింపబడెను. అయినను ఆ దినమున పని ముగియలేదు. నేడు యాత్రికులు తలయెత్తి చూచు మూడు రంగుటద్దముల కిటికీలు అప్పటికి లేవు. బలిపీఠము వెనుకనున్న ఆరోహణపు కిటికీ 1927లో వచ్చెను. క్రీస్తు జననపు కిటికీ 1947లో వచ్చెను. సిలువ కిటికీ 1958లో వచ్చెను. వీటిని చిత్రించినది లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. 1937లో బ్రిటిషు రాజు ఆరవ జార్జి పట్టాభిషేకమును చిత్రించిన చేతులే ఈ పల్లెసీమ ఆలయమునకు పశులతొట్టెను చిత్రించినవి.

ప్రతిష్ఠ దినమునకును సిలువ కిటికీకిని మధ్య 34 సంవత్సరములు గడచినవి. పోస్నెట్టుగారు 1950లోనే మరణించిరి, ఆ కిటికీని చూడలేదు. పునాదిరాళ్లు మోసినవారిలో ఎందరో చూడలేదు. దేవుని ఇంటి పని ఒక తరములో ముగియవలెనని లేదు. ఒకరు విత్తగా మరియొకరు కోయుదురు.

ఆ కిటికీలను వెలుపలనుండి చూచినచో నల్లని గాజుముక్కలవలె కనబడును. లోపలికి వచ్చి, పగటి వెలుగులో చూచినచో నీలము, ఎరుపు, పసిమి రంగులు వెలిగిపోవును. సంఘమును వెలుపల నిలిచి విమర్శించువారికి గాజుముక్కలే కనబడును. లోపల మోకరించువానికి క్రీస్తు కనబడును.

6. పేరు మారిన సంవత్సరము

ఆలయము లేచిన ఎనిమిది సంవత్సరములకే మొదటి మార్పు వచ్చెను. 1932లో బ్రిటనులోని వెస్లియన్ మెథడిస్టులు మరి రెండు మెథడిస్టు శాఖలతో ఏకమై ఒకే మెథడిస్టు సంఘమైరి.

మన దేశములో అంతకంటె గొప్ప పని జరుగుచుండెను. 1919లో తరంగంబాడిలో దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారును ఇతర సేవకులును కూడి, హిందూదేశపు సంఘములు పరదేశపు చీలికలను మోయుచు ఉండనేల అని విచారించిరి. అక్కడ ఆరంభమైన మాటలు 28 సంవత్సరములు సాగినవి. అజరయ్యగారు 1945లో ప్రభువునందు నిద్రించిరి, ఫలమును చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి ఆలయములో ఆంగ్లికనులు, దక్షిణ ఇండియా ఐక్య సంఘమువారు, బ్రిటిషు మిషను సంబంధమైన మెథడిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడిరి. దానినే మనము సి.ఎస్.ఐ. అనుచున్నాము. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి ఆరు వారములే అయినది. హైదరాబాదు రాజ్యము ఇంకను నైజాముగారి క్రిందనే ఉన్నది.

అంతవరకు బ్రిటిషు మెథడిస్టులకు బిషప్పులు లేరు. ఐక్యతకొరకు వారు బిషప్పుల నేర్పాటును అంగీకరించిరి. ఆంగ్లికనులు తమ కొన్ని నిబంధనలను సడలించిరి. మెథడిస్టు మిషనరీగా పనిచేసిన ఫ్రాంక్ విట్టేకర్‌గారు మెదకు మొదటి బిషప్పు అయిరి. మెథడిస్టులు కట్టిన మందిరము బిషప్పు పీఠముగల మహాదేవాలయమాయెను. ఒక్క రాయియు కదలలేదు గాని ఇంటి పేరు మారెను.

ఇక మన యౌవనస్థుల ప్రశ్నకు జవాబు: హైదరాబాదు ప్రాంతమునకు రెండు మెథడిస్టు మిషనులు వచ్చినవి. ఒకటి బ్రిటనునుండి వచ్చిన వెస్లియన్ మిషను. మెదకు దానిది, అది 1947లో సి.ఎస్.ఐ.లో కలిసెను. రెండవది అమెరికానుండి వచ్చిన మెథడిస్టు ఎపిస్కోపల్ మిషను. వికారాబాదు, జహీరాబాదు, బీదరు ప్రాంతములు దానివి. అది ఆ ఐక్యతలో చేరలేదు. 1981నుండి అది ఇండియాలోని మెథడిస్టు సంఘముగా స్వతంత్రముగా ఉన్నది. కనుక నగరములో మెథడిస్టు గుడి కనబడినచో వారు మనకు పరాయివారు కారు. ఒకే తాతకు పుట్టి రెండు ఊళ్లలో కాపురమున్న అన్నదమ్ముల పిల్లలవంటివారు.

7. మనకు పాఠము

మొదటిది: మిషను పేరు చెక్కచట్రమువంటిది. ఆ చట్రము లేనిదే కమాను లేవదు. దానిని తెచ్చినవారిని మనము కృతజ్ఞతతో తలంచవలెను. కాని ఆ మెథడిస్టులు చట్రమునే కమాను అనుకొనలేదు. రాళ్లు బిగిసినవని తెలిసినప్పుడు తమ పేరును తీసివేసికొనిరి. ఆలయము కూలలేదు. 2024 డిసెంబరులో దానికి నూరు సంవత్సరములు నిండినప్పుడు వేలకొలది జనులు ఆ గోపురము క్రింద నిలిచిరి. మన గ్రామములలో ఒకే వీధిలో రెండు మందిరములు, ఒకే కుటుంబములో రెండు సంఘములు, ఎన్నిక వచ్చినచో మూడు కక్షలు! ప్రభువు తన శ్రమలకు ముందు రాత్రి చేసిన ప్రార్థనను (యోహాను 17) మనము గోడమీద పటము కట్టి, దాని క్రిందనే వ్యాజ్యపు కాగితములు వ్రాసికొనుచున్నాము. ఇది సిగ్గుపడవలసిన సంగతి.

రెండవది: రూపమును మ్రొక్కకుడి. మెదకు ఆలయము ఇంగ్లాండు రూపములో లేచినది. దోర్నకల్లులో అజరయ్యగారు కట్టించి 1939లో ప్రతిష్ఠించిన ఆలయములో మన దేశపు గుడి స్తంభముల తీరును, మసీదు గుమ్మటముల తీరును కలిసియున్నవి. రెండింటిలోను ఒక్క ప్రభువే ఆరాధింపబడుచున్నాడు. మెదకు ఆలయము వాటికను తరువాత అంతటిది అని కొందరు గొప్పగా చెప్పుకొనుట కలదు. అట్టి మాటలవలన ఆలయమునకు గౌరవము హెచ్చదు. ఆకాశ మహాకాశములు పట్టజాలని దేవుని (1 రాజులు 8:27) మనము అడుగుల లెక్కను కొలువజాలము.

మూడవది: వెస్లీగారి హెచ్చరిక. ఇంత గొప్ప ఆలయము ఆయన నియమమునకు లోబడినదా అని ఎవరైన అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మట్టి గుడిసెలలోని ప్రజలమధ్య 175 అడుగుల గోపురము సాదా కట్టడము కాదు. దానికి పరదేశపు విశ్వాసుల కానుకలు చాల కావలసివచ్చినవి. అయితే ఊరి గుడి గుమ్మము తొక్కనియ్యబడనివారికి, ఆ సీమయంతటిలో ఎత్తైన తలుపు తెరవబడెను. కరవులో ఆ పనియే కూలియాయెను. కాబట్టి మనము మెదకును చూచి పోస్నెట్టుగారి గోపురమును అనుకరింపక, వారి కారణమును అనుకరింతము. నేడు కొన్ని సంఘములు పెంకుటింటి మందిరమును పడగొట్టి, అప్పుచేసి, ఊరి పెద్దలయొద్దను రాజకీయ నాయకులయొద్దను చేయి చాచి కాంక్రీటు గోపురములు లేపుచున్నవి. తరువాత ఇచ్చినవారి పేరు శిలాఫలకముమీద, వారి మాట సంఘసభలో! వెస్లీగారు భయపడినది దీనికే. ఇరువది కుటుంబములు తమ ధాన్యములోనుండి పిడికెడు బియ్యము తీసిపెట్టి కట్టుకొనిన చిన్న మందిరము స్వతంత్రమైనది.

నగరములోనున్న మన బిడ్డలారా, మీకు ఒక మాట. మీరుండు చోట వాక్యము సరిగా బోధింపబడు సంఘమును వెదకి, ఊరి అయ్యగారియొద్దనుండి సభ్యత్వపు ఉత్తరము తీసికొనిపోయి, అక్కడ చేరి పనిచేయుడి. సంఘము లేకుండ ఒంటరిగా ఉండకుడి. కమానులోనుండి ఊడిన రాయి ఎంత చక్కగా చెక్కబడినదైనను నేలమీద కాలికి తగులు రాయియే. వీలైనప్పుడు ఒక శనివారము మెదకు పోయి, పగటివేళ లోపల కూర్చుండి ఆ మూడు కిటికీలను చూడుడి. ఆ స్తంభములను చేతితో తాకుడి. మీ ముత్తవ్వలవంటివారు మోసిన రాళ్లవి.

కుటుంబ ప్రార్థనలో విచారింపవలసిన ప్రశ్నలు

1. మన సంఘములో చెక్కచట్రమువంటివి ఏవి? కమానువంటివి ఏవి?
2. మన గ్రామములో వేరు సంఘముతో కలిసి ఈ సంవత్సరము చేయగల ఒక పని ఏది?
3. మన మందిరపు ఖర్చులలో ఎవరికైనను దాసులమగుచున్నామా?
4. మన ఊరినుండి నగరమునకు పోయిన యౌవనస్థులకు ఉత్తరము వ్రాయు లేక ఫోను చేయు భారము ఎవరు తీసికొందురు?

ప్రార్థన

ప్రభువా, మాకు ముందు రాళ్లు మోసినవారి నిమిత్తము నీకు స్తోత్రములు. వారు తమ పేరును నీ నామముకొరకు విడిచినట్లు మేమును మా పంతములను విడుచుటకు కృప దయచేయుము. పల్లెలోనున్న మమ్మును పట్టణములోనున్న మా పిల్లలను ఒకే కట్టడములో అమర్చుము. మూలరాయియైన క్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.